నాయకునికి నిండుదనము

(సికింద్రాబాదులో జరిగిన గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మీరందరు మీ గ్రామములలోని పనులను వదలుకొని సికింద్రాబాదునకు వచ్చినారు. ఒకరికి నారుమడి, ఒకరికి ఇంటిలో పెండ్లి పని, మరియొకరికి సగములో నిలిచిపోయిన మురుగుకాలువ వెనుక ఎదురుచూచుచున్నవి. మీ కాలమును వృథా చేయు హక్కు మాకు లేదు. కనుక నేడు ఒకే ప్రశ్నను మీ ముందుంచుచున్నాము. పదవి వచ్చినంతమాత్రమున మాటకు విలువ రాదని మనమందరము ఎరుగుదుము. అట్లయిన ఆ విలువ ఎచ్చటనుండి వచ్చును? దానిని నేర్చుకొనవచ్చునా?

పట్టణములలోని పెద్ద వ్యాపార సంస్థలు ఈ విషయమునకు మిక్కిలి ప్రాముఖ్యమిచ్చుచున్నవి. వారు దీనిని ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్’ అందురు. ఒక అధికారి గదిలోనికి వచ్చి కూర్చుండగానే పదుగురును ఆయన వైపు తిరుగుట, ఆయన పలికిన నాలుగు మాటలను నమ్మి పనికి పూనుకొనుట, కష్టకాలమున ఆయన ముఖము చూచి ధైర్యము తెచ్చుకొనుట, ఇవన్నియు ఆ మాటలో ఇమిడియున్నవి. దీనిని నేర్పుటకు ప్రత్యేక తరగతులు నడచుచున్నవి. మన పల్లెలలో ఇందుకు అంతకంటె చక్కని మాట ఉన్నది. అట్టివానిని మనము ‘నిండైన మనిషి’ అందుము. నిండు కుండ తొణకదని సామెత. ఆ సామెతలో పొగడబడినది కుండ కాదు, లోపల నిండిన నీరు. కుండకు ఎంత రంగు పూసినను, లోపల నీరు లేనిచో అది మ్రోగుచునే యుండును.

ఈ గుణము కంపెనీ అధికారికంటె పంచాయతీ సర్పంచికే ఎక్కువ అవసరమని మా అభిప్రాయము. కంపెనీలో మాట విననివానిని మరియొక చోటికి బదిలీ చేయవచ్చును. సైన్యములో హోదా ఉన్నది, ఆజ్ఞ ఉన్నది. అయినను, ఈ సికింద్రాబాదులోనే 1970లో నెలకొల్పబడిన సంస్థ ఒకటి, నేడు రక్షణ నిర్వహణ కళాశాలగా పేరొందినది, త్రివిధ దళముల అధికారులకు నిర్వహణ విద్యను నేర్పుచున్నది. ఆజ్ఞాపించు అధికారము గలవారికే ఇంత శిక్షణ అవసరమైనచో, మన సంగతి యేమి? సర్పంచి ఎవరిని బదిలీ చేయగలడు? ఎదుట కూర్చున్నవాడు మేనమామ. పక్కవాడు పొలము గట్టు తగాదా ఉన్న పాలివాడు. వెనుక నిలిచినవాడు నిన్నటి ఎన్నికలో ఓడిపోయినవాడు. రేపు ఉదయము వీరందరిని అదే వీధిలో మరల చూడవలెను. ఇట్టివారి నడుమ మాట చెల్లవలెనన్న ఆజ్ఞ పనికిరాదు, నమ్మకమొక్కటే పనికివచ్చును.

‘ఇది పుట్టుకతో రావలెను గాని నేర్చుకొనిన వచ్చునా?’ అని మీలో కొందరు అనుకొనవచ్చును. పెద్ద కుటుంబమున పుట్టినవానికి, ఎత్తయిన విగ్రహము గలవానికి, గంభీరమైన గొంతు గలవానికి మాత్రమే ఇది చెల్లునని పలువురి నమ్మకము. ఈ నమ్మకము సరికాదని చూపుటకు ఈ ఊరి చరిత్రనుండియే రెండు ఉదాహరణములు చెప్పెదము.

ఇచ్చటికి సమీపమున మహబూబ్ కళాశాల ఉన్నది. 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానందులు అచ్చట పాశ్చాత్య దేశములకు తాము పోదలచిన కారణమును గూర్చి ఉపన్యసించిరి. అప్పటికాయనకు ముప్పది యేండ్లు. పేరు ప్రతిష్ఠలు ఇంకను రాలేదు. ఆయన చేసిన తొలి పెద్ద బహిరంగోపన్యాసములలో అది ఒకటి. అటు పిమ్మట ఏడు నెలలకు, సెప్టెంబరు 11న, షికాగో సర్వమత మహాసభలో ఆయన ప్రసంగము లోకప్రసిద్ధమైనది. ఆ సంగతి అందరు ఎరుగుదురు. ఆనాటి ఉదయము జరిగినది మాత్రము కొందరే ఎరుగుదురు. ఆయన తమ మిత్రుడు అళసింగ పెరుమాళ్లునకు వ్రాసిన లేఖలో దానిని దాచక చెప్పుకొనినారు. గుండె దడదడ కొట్టుకొనెనట. నాలుక ఎండిపోయెనట. ఉదయము మాటలాడుటకు ధైర్యము చాలక, తమ వంతును వాయిదా వేసికొనుచు వచ్చిరట. తక్కినవారు ప్రసంగములు వ్రాసికొని వచ్చినారు, తాము వ్రాసికొనలేదని కూడ ఒప్పుకొనినారు. తుదకు మధ్యాహ్నము లేచి నిలిచిరి. అంతటి మహాపురుషునికే సభాభయము కలిగినది. గ్రామసభలో మొదటిమారు లేచి నిలుచునపుడు మీ కాళ్లు వణకినచో సిగ్గుపడవలసిన పని లేదు. భయములేనివాడు నిండైనవాడని చెప్పరాదు. భయము ఉండగనే తన వంతు వచ్చినపుడు లేచి నిలుచువాడే నిండైనవాడు.

రెండవ ఉదాహరణము శ్రీమతి టి. ఎన్. సదాలక్ష్మిగారు. సికింద్రాబాదు పరిసరములలోని బొల్లారమున, పారిశుద్ధ్యపు పని చేయు దళిత కులమున ఆమె జన్మించిరి. ఆ కాలమున అట్టి ఇంట పుట్టిన బాలికకు బడిలో కూర్చుండుటయే ఒక పోరాటము. ఆమె చదువుకొనిరి, రాజకీయములలో ప్రవేశించిరి, శాసనసభకు ఎన్నికైరి. 1960 నుండి 1962 వరకు ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగా ఉండిరి. దేవాదాయ శాఖ మంత్రిగాను పనిచేసిరి. ఒక్కమారు ఊహించి చూడుడు. జమీందారీ కుటుంబములవారు, పేరుమోసిన న్యాయవాదులు, దశాబ్దముల అనుభవముగల వక్తలు కూర్చున్న సభ. ఎవరు ఎప్పుడు మాటలాడవలెనో, ఎప్పుడు కూర్చుండవలెనో చెప్పునది బొల్లారమునుండి వచ్చిన ఆ మహిళ. ఆమెకు వంశము తోడు రాలేదు. సభ నియమములను ఎరుగుటయు, తాను కూర్చున్న ఆసనము తనదేనని సంశయము లేక నమ్ముటయు ఆమెకు తోడైనవి.

పుట్టుకతో పని లేదని ఒప్పుకొన్న పిమ్మట, కుండలో నింపవలసిన నీరేదని అడుగవలెను. దీనిని మేము మా తప్పువలననే నేర్చుకొంటిమి. ఆ సంగతి చెప్పుటకు సంకోచింపము.

చాలకాలము క్రిందట మా గ్రామమున మేమును ఒక బాధ్యతను వహించి, గ్రామసభలో మాటలాడవలసి వచ్చినది. చెరువు తూము మరమ్మతునకు అందరిని ఒప్పించి, ఇంటికి ఇంత అని చందా వసూలు చేయవలెనని మా ఉద్దేశము. తెల్లని బట్టలు కట్టితిమి. ముందునాటి రాత్రి పదములు ఏరి కూర్చుకొంటిమి. ఐకమత్యమును గూర్చియు, పూర్వుల త్యాగమును గూర్చియు అరగంట సేపు గొంతెత్తి పలికితిమి. చప్పట్లును కొట్టిరి. అప్పుడు వెనుక వరుసలో, రాతి అరుగుపై కూర్చున్న ఒక ముసలి రైతు లేచి, ‘తమ్మీ, అదంత మంచిగనే ఉన్నది. మొన్న బోరు మోటరు బాగు చేపిచ్చినరు గద, దానికెంత ఖర్చయిందో చెప్పు’ అని అడిగెను.

మాకు తెలియదు. లెక్క ఎచ్చటనో పుస్తకములో ఉన్నది గాని మా నోట లేదు. ‘తరువాత చూచి చెప్పెదము’ అంటిమి. అది అబద్ధము కాదు. కాని సభలో ఒక నవ్వు పుట్టి ఈ మూలనుండి ఆ మూలకు పోయినది. ఒక్కరొక్కరుగా లేచి పోయిరి. చందా వసూలు కాలేదు. ఆ యేడు తూము బాగుపడలేదు. వానలు వచ్చినపుడు చెరువునీరు వంద గజములు కూడ నిలువక కారిపోయినది, చివరి మడుల పైరు ఎండినది. ఆ ముసలి రైతు మడి కూడ చివరిదే. ఆయన మమ్ము ఓడించుటకు అడుగలేదు. మొన్నటి డబ్బు లెక్క తెలిసినచో రేపటి డబ్బు ఇచ్చెదనని మాత్రమే ఆయన భావము. మా గొంతు గట్టిగా ఉండెను, మా కుండ ఖాళీగా ఉండెను.

మేమెరిగిన మరియొక గ్రామమున ఇందుకు విరుద్ధముగా జరిగినది. మహిళలకు కేటాయించిన స్థానమునుండి ఒకామె సర్పంచిగా ఎన్నికయ్యెను. మొదటి ఆరు నెలలు ఆమె కుర్చీలో కూర్చుండెడిది, భర్త మాటలాడెడివాడు. కాగితములు ఆయన చదివి చూపిన చోట ఆమె సంతకము చేసెడిది. అధికారులును ఆయనతోనే మాటలాడుటకు అలవాటుపడిరి. కాని పదేండ్లుగా ఆమె మహిళా సంఘమునకు లెక్కలు వ్రాసిన మనిషి. పదిమంది స్త్రీల పొదుపు పైకమును పైసతో సహా ఒప్పజెప్పిన మనిషి. ఒకనాడు మురుగుకాలువ బిల్లు వచ్చినది. నూట ఇరువది మీటర్ల పని పూర్తియైనదని అందులో ఉన్నది. ఆమె సంతకము చేయలేదు. మరునాడు తెల్లవారుజామున, టేపు ఒక చివర తన కూతురిచేత పట్టించి, కాలువ పొడుగును తానే కొలిచినది. తొంబది ఆరు మీటర్లు మాత్రమే ఉన్నది.

పంచాయతీ సమావేశమున గుత్తేదారు బిల్లు మాట ఎత్తెను. భర్త ఎప్పటివలె జవాబు చెప్పబోయెను. ఆమె చేయి చిన్నగా ఎత్తి, ‘నేను కొలిచినానయ్యా. తొంబది ఆరున్నది. తక్కిన ఇరువది నాలుగు మీటర్లు ఎక్కడున్నవో చూపించుడు, ఇప్పుడే సంతకము చేసెదను’ అనెను. గొంతు పెంచలేదు. ఎవరిని దొంగ అనలేదు. గదిలో ఎవరును మాటలాడలేదు. పది దినములలో తక్కిన పని పూర్తియైనది. అటు పిమ్మట అధికారులు ఆ ఊరికి వచ్చినపుడు ఎవరితో మాటలాడవలెనో ఒకరు చెప్పవలసిన పని లేకపోయినది. భర్తకును అది అర్థమైనది. సమావేశము జరుగు వేళ ఆయన ఇంటివద్ద పశువుల పని చూచుకొనసాగెను.

ఈ రెండు గ్రామములకు గల భేదమును గమనింపుడు. మేము పదములు సిద్ధము చేసికొంటిమి, ఆమె విషయమును సిద్ధము చేసికొనెను. నిండుదనమునకు మొదటి ఆధారము ఇదియే. తెలిసినవాడు కేకలు వేయనక్కరలేదు.

రెండవ ఆధారము మాట నిలుపుకొనుట. వ్యాపారమున నాయకత్వము ఎట్లుండవలెనో చూడదలచినవారు ములుకనూరు వెళ్లి చూడవచ్చును. అచ్చట 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డిగారు సహకార పరపతి, మార్కెటింగు సంఘమును స్థాపించిరి. దేశమున ఎన్నో సహకార సంఘములు పుట్టి, అప్పులలో మునిగి, మూతపడినవి. ములుకనూరు సంఘము మాత్రము తరములు దాటి నిలిచినది. ఆ ప్రాంతమునందే 2002లో మహిళల పాల డెయిరీ ప్రారంభమైనది. పాలు పోయు స్త్రీలే దానికి యజమానులు, వారిలోనుండియే పాలకవర్గము ఎన్నికగును. పాలు పోయు మనిషికి నాయకురాలి ఉపన్యాసముతో పని లేదు. కొలత సరిగా ఉన్నదా, వెన్నశాతము సరిగా కట్టినారా, చెప్పిన తేదీకి డబ్బు వచ్చినదా అనునవే ఆమె చూచును. ఈ మూడును ఏండ్ల తరబడి సరిగా జరిగినచో, అధ్యక్షురాలు లేచి నిలిచినపుడు సభ తనంతట తానే నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమును ఆమె ఆనాడు సంపాదించినది కాదు. ప్రతి చెల్లింపు తేదీన కొంచెము కొంచెముగా కూడబెట్టినది.

మూడవ ఆధారము వినుట. పెక్కుమంది నాయకులు ఇచ్చటనే పొరబడుచున్నారు. మాటలాడుటయే నాయకత్వమని వారి భావన. ఎదిరిపక్షమువాడు ఆరోపణ చేయునపుడు నడుమ అడ్డుపడిన, ఆ ఆరోపణకు మీరే బలము చేకూర్చినవారగుదురు. తుదివరకు వినుడు. పిమ్మట అతడు చెప్పినదానిని మీ మాటలలో ఒక్కమారు తిరిగి చెప్పుడు: ‘నీళ్ల ట్యాంకు కీ పడమటి వాడకు నాలుగు దినములుగా విప్పలేదని నీవనుచున్నావు, అంతే గదా?’ అతడు అవునన్నచో సగము కోపము అప్పుడే చల్లారును. తరువాత జవాబు తెలిసిన చెప్పుడు. తెలియనిచో, ఏ తేదీకి చెప్పెదరో చెప్పి, ఆ తేదీని తీర్మానముల పుస్తకములో అందరియెదుట వ్రాయించుడు. ‘చూచెదము’ అను మాట నాయకుని తేలిక చేయును, తేదీ బరువు తెచ్చును.

ఇక ఆచరణకు సంబంధించిన కొన్ని చిన్న విషయములు చెప్పెదము. ఇవి చిన్నవే గాని వీటివలననే మనిషికి నిండుదనము ఏర్పడును.

సభకు ముందునాడు కార్యదర్శితో కూర్చుండి నగదు పుస్తకము చూడుడు. ఖాతాలో నిలువ ఎంత, ఈ నెల వచ్చినదెంత, పోయినదెంత, ఇంటిపన్ను బకాయి ఎంత, వీధిదీపముల కరెంటు బిల్లు ఎంత? ఈ అయిదు అంకెలు కాగితము చూడక చెప్పగలుగవలెను. చదువు రానివారైనచో పిల్లలచేత చదివించుకొని మనసున పట్టుకొనుడు. అంకెలను గుర్తుంచుకొనుటకు అక్షరములు అక్కరలేదు. మన తల్లులు పాడి లెక్కలను అట్లే పెట్టుకొనెడివారు.

చెప్పిన వేళకు సభ ప్రారంభింపుడు. పదిమందియే వచ్చినను ప్రారంభింపుడు. నాలుగు సభలు అట్లు జరిగినచో అయిదవదానికి ఊరు వేళకు వచ్చును. మొదట పాత తీర్మానములలో ఏది జరిగినది, ఏది జరుగలేదు, ఎందుకు జరుగలేదు అనునది చెప్పుడు. కొత్త వాగ్దానములను చివరకు ఉంచుడు. 2018 నాటి తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టము రెండు నెలలకు ఒకమారైనను గ్రామసభ జరుపవలెనని నిర్దేశించినది. దానిని చట్టపు భారముగా గాక, మాటకు విలువ కూడబెట్టుకొను అవకాశముగా తలపుడు. ఏడాదికి ఆరు సభలు, అయిదేండ్లకు ముప్పది సభలు. ముప్పది మార్లు లెక్క చెప్పినవాని మాటను ఏ ఊరును త్రోసివేయదు.

మండల, జిల్లా కార్యాలయములకు పోవునపుడు గుంపుగా పోయి కేకలు వేయవద్దు, చేతులు కట్టుకొని ద్వారమున నిలువనువద్దు. కోరిక ఒకటి, కారణములు రెండు, గ్రామము తాను చేయదలచినదేమో ఒకటి, ఇవన్నియు ఒకే కాగితముపై వ్రాసికొని పోవుడు. కూర్చుండి మాటలాడుడు. మీరు మీకొరకు అడుగుటకు పోలేదు, ఊరు పంపగా పోయినారు. ఆ స్మృతి ఉన్నచో తల వంగదు, గర్వముతో పైకెత్తుకొననువలదు.

తప్పు జరిగినపుడు మొదట మీరే చెప్పుడు. ‘పైపు ధర విచారించుటలో పొరబడితిమి, ఇంత నష్టము వచ్చినది, ఇట్లు సరిదిద్దుచున్నాము’ అని సభలో చెప్పినవానికి పరువు తగ్గదు. అదే సంగతి టీ కొట్టువద్ద మొదట బయటపడినచో తగ్గును.

చివరకు ఒక ముఖ్యమైన మాట. 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో జవహర్‌లాల్ నెహ్రూగారు ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ రాజ్యమును ప్రారంభించిరి. 1993 ఏప్రిల్ 24న రాజ్యాంగపు 73వ సవరణ అమలులోనికి వచ్చి, పంచాయతీలకు రాజ్యాంగ రక్షణయు, మహిళలకు మూడవవంతునకు తగ్గని స్థానములును కల్పించినది. నేడు తెలుగు రాష్ట్రములు రెంటను ఆ భాగము సగమైనది. దళితులకు, గిరిజనులకు, వెనుకబడిన వర్గములవారికి స్థానములు ఏర్పడినవి. రాజ్యాంగము కుర్చీని ఇచ్చినది. కాని ఆ కుర్చీలో ఒకరు కూర్చుండి, పక్కన నిలిచినవారు మాటలాడుచున్నచో, ఇచ్చినది ఇంకను చేరలేదనవలెను. ఇచ్చటనున్న సోదరీమణులకు మా మనవి ఇది: చదివి గాని, చదివించుకొని గాని, అర్థమైన పిమ్మటనే సంతకము చేయుడు. మీ ప్రశ్నకు మీరే జవాబు చెప్పుడు, తడబడినను మీరే చెప్పుడు. మొదటి సభలో రెండు మాటలు చాలును. సోదరులకు మనవి: మీ ఇంటి ఆడపడుచు మాటలాడునపుడు అందించుటకు తొందరపడవద్దు. ఆమె ఆగిన చోట కొంచెము సేపు మీరును ఆగుడు. తక్కిన మాట ఆమెయే వెదకికొనును.

మీరు తిరిగి పోయిన పిమ్మట మొదటి గ్రామసభ వచ్చును. వెనుక వరుసలో ఎవరో ఒక ముసలి రైతు లేచి మోటారు ఖర్చు ఎంతయినదని అడుగకమానడు. అతనిని శత్రువుగా చూడవద్దు. మీ కుండలో నీరున్నదో లేదో తట్టి చూచువాడు అతడే. అతనికి రూపాయలతో సహా జవాబు చెప్పి, ‘ఇక తూము సంగతి మాటలాడుకొందమా?’ అని అడుగగల స్థితిలో మీరుండవలెనని కోరుచున్నాము.